గోడ చూడటానికి ఒక మనిషిని పంపండి

నల్లగొండ జిల్లా కలెక్టర్ గారికి, మున్సిపల్ కమిషనర్ గారికి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ అధ్యక్షులైన జిల్లా జడ్జి గారికి,

నమస్కారం.

నేను సర్కారు బడిలో లెక్కల టీచర్ని. నల్లగొండకు వచ్చి 19 ఏళ్లయింది. అందులో 13 ఏళ్లు కిరాయి ఇళ్లలో ఉన్నాను, ఆరేళ్ల నుంచి సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఇప్పుడు నకిరేకల్‌లో మా అమ్మానాన్నల ఇంటిని నేనే కిరాయికి ఇస్తున్నాను కాబట్టి ఓనర్‌ని కూడా. ఇంటి రిపేర్ల తగువులో ఎన్ని వైపులు ఉంటాయో అన్ని వైపులా కూర్చుని చూశాను. అందుకే ఈ ఉత్తరం రాసే ధైర్యం చేస్తున్నా.

మొదట ఒక గోడ సంగతి చెప్పాలి.

2019 శ్రావణంలో రామగిరిలోని కిరాయి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. కింద ట్రాలీ ఆటోలో సామాను ఎక్కిస్తున్నారు. ఇంటి ఓనర్ గారు లోపలికి వచ్చారు. బీరువా తీసిన చోట గోడ దగ్గర నిలబడి, జేబులోంచి బండి తాళంచెవి తీసి ఒక గీత గీశారు. గిలాబు అరచేయంత పెళ్ల ఊడి కింద పడింది. దాని వెనక తెల్లటి ఉప్పు, పిండి చల్లినట్టు. "చూసిండ్రా మేడమ్, గోడ మొత్తం ఖరాబైంది. బీరువా ఆనిచ్చి పెడితే గాలి ఆడక గిట్లనే అయితది" అన్నారు. మేమిచ్చిన అడ్వాన్స్ మూడు నెలల కిరాయి, 19,500. అందులో గిలాబుకు, రంగులకు కలిపి 12,000 పట్టుకుని 7,500 చేతిలో పెట్టారు. ఆమె మాత్రం, అంటే వాళ్లావిడ, చాయ్ తాగనిదే పోనివ్వలేదు. మంచి మనుషులే. మా పాప పుట్టినప్పుడు నెల రోజులు పాలు పంపిన ఇల్లది.

ఆ గోడకు సరిగ్గా పైన డాబా మీద నీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకు నిండి పొర్లే పైపు జానెడు పొడవే ఉండటంతో నీళ్లన్నీ పిట్టగోడ మొదట్లో పడేవి. అక్కడ వాటం లేక నిలిచేవి. రెండు ఎండాకాలాలు వరసగా చెప్పాను. "చూద్దాం మేడమ్" అనేవారు. నా లెక్క ప్రకారం చెమ్మ పైనుంచి దిగింది. ఆయన లెక్క ప్రకారం బీరువా వల్ల వచ్చింది. ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే. గోడ గురించి ఇద్దరికీ తెలిసింది దాదాపు సున్నా. కాకపోతే డబ్బులు ఆయన దగ్గర ఉన్నాయి. తీర్పు కూడా ఆయన దగ్గరే ఉన్నట్టయింది.

ఇంతకీ నేను అడగబోయేది ఒక్కటే. ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి, గోడ గురించి తెలిసిన మనిషి, ఆ పెళ్ల మీద కొత్త రంగు పడకముందే వచ్చి చూసి ఒక కాగితం రాసిచ్చే ఏర్పాటు ఈ జిల్లాలో లేదు. అది పెట్టండి.

చట్టాలు లేవా అంటారు. ఉన్నాయి. వాటి వెంట నేను తిరిగింది మా ఫ్లాట్ విషయంలో.

మాది 320 గజాల్లో కట్టిన ఆరు ఫ్లాట్ల బిల్డింగు. 2019లోనే దిగాం. 2020 అక్టోబరులో ఆ పెద్ద వానలు పడ్డాయి గదా, తర్వాత కొన్నాళ్లకు వంటింటి స్లాబు నుంచి చుక్క మొదలైంది. మొదట చెంబు, తర్వాత గిన్నె, దీపావళి దాటేసరికి బకెట్టు. బిల్డర్‌కు ఫోన్ చేస్తే "అంత వాన పడితే హైదరాబాదే మునిగింది మేడమ్, మన స్లాబెంత" అన్నాడు. సరే అనుకున్నాం. కానీ సంక్రాంతికి కూడా చుక్క ఆగలేదు. సంక్రాంతికి నల్లగొండలో వాన ఎక్కడిది?

అప్పుడు మాట మారింది. పై ఫ్లాట్ వాళ్లు బాత్రూంలో గీజర్ పెట్టించుకోవడానికి డ్రిల్లింగ్ చేశారు, అందువల్లే అన్నాడు. పై ఫ్లాట్ పెద్దమ్మేమో "మేము గోడకు కొట్టినం బిడ్డా, కిందికి ఎట్ల కారుతది" అంది. ఒక మేస్త్రీ వచ్చి బాత్రూం టైల్స్ మొత్తం లేపాలన్నాడు. ఇంకో మేస్త్రీ వచ్చి స్లాబు అడుగున కెమికల్ కొడితే చాలన్నాడు, 9,000 అడిగాడు. మూడో ఆయన పైకి కూడా చూడకుండా "ఇది గ్యారంటీగా డ్రైనేజీ" అన్నాడు. ఎవరికి వారు వాళ్లకు వచ్చిన పనే రోగమని చెప్పారు. ఈలోగా స్లాబు పెచ్చు ఊడి రాడ్డు బయటపడింది. పొరలు పొరలుగా తుప్పు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును చీల్చుకుంటూ పోతుంది. ఆలస్యమైన ప్రతి నెలా రిపేరు ఖర్చు పెరుగుతుంది. తగువులో ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ వేరే.

రెరాకు, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు, పొమ్మన్నారు తెలిసినవాళ్లు. 2016 నాటి ఆ చట్టం 14వ సెక్షన్‌లో ఎంత మంచి మాట ఉందో చదివితే కళ్లు చెమ్మగిల్లుతాయి. ఫ్లాట్ అప్పగించిన రోజు నుంచి ఐదేళ్ల లోపు కట్టుబడిలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ పైసా తీసుకోకుండా బాగుచేయాలి. చేయకపోతే పరిహారం. అయితే అదే చట్టం 3వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా ఆ ప్రాజెక్టును రెరాలో రిజిస్టర్ చేయనక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో 598 గజాలు. ఒకసారి హైదరాబాద్ రోడ్డు నుంచి దేవరకొండ రోడ్డు దాకా కళ్లతో చుట్టి రండి సార్. మన ఊళ్లో లేచే అపార్టుమెంట్లలో ఎన్ని ఆ గీతకు ఇవతలే ఆగిపోతాయో మీకే తెలుస్తుంది. హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని గీసిన గీత అది, నల్లగొండ మొత్తం దాని కిందనుంచి దూరిపోతుంది.

రెండో దారి వినియోగదారుల కమిషన్. ఇది నిజంగా మంచి దారి. ఇంటి నిర్మాణాన్ని చట్టమే సేవగా గుర్తించింది. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 50 లక్షలు మించకపోతే జిల్లా కమిషన్‌లోనే తేలుతుంది. 5 లక్షల లోపైతే ఫీజే లేదు. మాలాంటి ఫ్లాట్‌కు, 20 నుంచి 50 లక్షల మధ్య అన్నమాట, 1,000 రూపాయలు. లాయర్ లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు. మామూలు కేసు మూడు నెలల్లో, వస్తువును పరీక్షకు పంపాల్సి వస్తే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో రాసి ఉంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది. మిక్సీ చెడిపోతే సంచిలో వేసుకుని పోయి బల్ల మీద పెట్టొచ్చు. స్లాబును ఎట్లా మోసుకుపోవాలి? నేను సలహా అడిగిన లాయర్ గారు మొదటి మాటే "ఇంజనీర్ రిపోర్టు ఉందా మేడమ్" అన్నారు. లేదు. ఊళ్లో ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లను అడిగాను. బిల్డర్ పేరు చెప్పగానే "మాకు ఆయనతో పని ఉంటది మేడమ్" అన్నారు. నేను వాళ్లను తప్పు పట్టను. చిన్న ఊరు, పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

చివరికి ఆ పని నేనే చేశాను. 2022 సంక్రాంతి సెలవుల్లో.

పెద్దమ్మను బతిమాలి వాళ్ల బాత్రూంను మూడు రోజులు నాకు వదిలేయమన్నాను. పిల్లలకు బడిలో చెప్పేదే, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. మొదటి రోజు తెల్లబట్టలకు వేసే నీలిమందు ఒక సీసా కమోడ్‌లో పోసి ఫ్లష్ చేశాం. కింద చుక్క తెల్లగానే పడింది. రెండో రోజు సాయంత్రం ఇంకో సీసా, నీళ్లు పోయే జాలీ తీసి, కింద ట్రాప్‌లోకి, అంటే నీళ్లు నిలిచే వంపు పైపులోకి, నేరుగా పోశాం. నేల మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. మూడో రోజు పొద్దున ఐదున్నరకు పాలు కాచుకుందామని వంటింట్లోకి పోయి లైటు వేస్తే బకెట్టులో నీళ్లు నీలంగా ఉన్నాయి. స్లాబు నుంచి వేలాడుతున్న చుక్క కూడా నీలమే. ఆ చుక్కను చూసి అంత సంతోషపడ్డ మనిషి నల్లగొండ జిల్లాలో ఇంకొకరు ఉండరు.

బిల్డర్‌ను పిలిచాం. వచ్చాడు, చూశాడు, మాట్లాడలేదు. ట్రాప్ దగ్గర నాలుగు టైల్స్ లేపించాం. కింద పైపు జాయింటుకు సొల్యూషన్, అంటే పైపులు అతికించే జిగురు, పూయనే లేదు. ఒక పైపును ఇంకో పైపులోకి దూర్చి పైన సిమెంటు కప్పేశారు. ప్లంబర్ కుర్రాడు రెండు వేళ్లతో లాగితే ఊడి చేతికొచ్చింది. పది రూపాయల సొల్యూషన్ కూడా పట్టని పని. మొత్తం రిపేరుకు, మా స్లాబుతో సహా, 38,000 అయింది. బిల్డర్ సగం ఇచ్చాడు, 19,000. మిగతాది మేము, పెద్దమ్మ వాళ్లు చెరి 9,500 పెట్టుకున్నాం. న్యాయంగా చూస్తే మొత్తం ఆయనదే. పెద్దమ్మ తప్పు రవ్వంత కూడా లేదు, అయినా ఆమె పెట్టుకుంది. 14 నెలలు బకెట్టు మోసిన తర్వాత ఎవరికీ ఇంకో మాట మాట్లాడే ఓపిక లేదు.

అధికారులకు నేను చూపించాలనుకున్నది ఈ 14 నెలలు, మూడు రోజుల తేడా. తగువు నడిచింది 14 నెలలు. నిజం బయటపడటానికి పట్టింది మూడు రోజులు, రెండు సీసాల నీలిమందు.

కిరాయి ఇళ్ల సంగతి ఇంకా కష్టం. రెంట్ కంట్రోల్ చట్టం ఉందిగా అని చాలామంది అనుకుంటారు. 1960 నాటి ఆ చట్టానికి 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన కిరాయి ఇళ్లు దాని పరిధిలోంచి బయటికి పోయాయి. ఆ కిరాయికి ఇవాళ నల్లగొండలో బండి పెట్టుకునే షెడ్డు వస్తుందేమో. ఇక మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. పాతదే గానీ దాని 108వ సెక్షన్ చాలా తెలివైంది. ఓనర్ చేయాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా తగిన టైములో చేయకపోతే కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చును కిరాయిలో పట్టుకోవచ్చు. ఖాళీ చేసేటప్పుడు ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను మాత్రం లెక్కలోకి తీసుకోరు. అంటే రంగు వెలిసిపోవడానికి కిరాయిదారు బాధ్యుడు కాడు, వాష్‌బేసిన్ పగలగొడితే బాధ్యుడే. ఇంత స్పష్టంగా ఉంది. కానీ "తీసుకున్నప్పటి స్థితి" ఏమిటో చెప్పే కాగితం ఎవరి దగ్గర ఉంది? మా 13 ఏళ్ల కిరాయి జీవితంలో మూడు ఇళ్లు మారితే ఒక్క ఇంట్లోనూ రాసుకోలేదు. నోటి మాట, అడ్వాన్స్, పాలు పొంగించడం. అంతే.

కోర్టుకు పోవచ్చు, కాదనను. సివిల్ కోర్టు అడ్వకేట్ కమిషనర్‌ను, అంటే తన తరఫున ఒక లాయర్‌ను, పంపి ఇంటిని చూసి రమ్మంటుంది కూడా. కానీ 12,000 కోసం దావా ఎవరు వేస్తారు? వేసినా ఆ లాయర్ గారు వచ్చేనాటికి ఆ గోడకు లప్పం పెట్టి రెండు పూతల రంగు వేసి, కొత్త కిరాయిదారు క్యాలెండర్ తగిలించి ఉంటాడు.

న్యాయసేవాధికార సంస్థ వారికి ప్రత్యేకంగా ఒక మాట. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టి రాజీ చేసే వీలు మీకుంది. కోర్టు ఫీజు లేదు, అక్కడ కుదిరిన రాజీకి డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో, సమానమైన విలువ, దానిపై అప్పీలు లేదు. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు, 15100కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఇవన్నీ మా స్టాఫ్ రూంలో నేనే అందరికీ చెప్తుంటాను. కానీ ఇంటి రిపేర్ల తగువులో రిపోర్టు లేకుండా రాజీకి కూర్చుంటే ఏం జరుగుతుందో ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీల్లో చూసిందే. "చెరి సగం పెట్టుకోండి, అయిపోతది" అంటారు. తప్పు చేసినవాడికి సగం లాభం. ఏ తప్పూ చేయని పెద్దమ్మకు 9,500 చమురు వదులుతుంది.

అందుకని నా మనసులో ఉన్న ఏర్పాటు ఇది. మన జిల్లాలో రిటైరైన ఇంజనీర్లకు కొదవ లేదు. నాగార్జునసాగర్ మన జిల్లాలోనే ఉంది. కాలువల మీద, రోడ్ల మీద, పంచాయతీరాజ్‌లో పనిచేసి రిటైరైనవాళ్లు పొద్దున వాకింగ్‌లో ప్రతి వీధిలో కనిపిస్తారు. వాళ్లలో ముందుకొచ్చేవారి పేర్లతో ఒక జాబితా వేయండి. ఎవరైనా, ఓనర్ కావచ్చు, కిరాయిదారు కావచ్చు, ఫ్లాట్ కొన్నవారు కావచ్చు, వార్డు ఆఫీసులో ఒక అర్జీ, 600 రూపాయలు ఇస్తే జాబితాలోంచి ఒక ఇంజనీర్‌ను వారం లోపు పంపండి. అవతలివాళ్లకు రెండు రోజుల ముందు ఫోన్, వస్తే వస్తారు, రాకపోతే ఆ ముక్క కూడా రిపోర్టులో రాస్తారు. ఆ బిల్డర్‌కు ఎప్పుడైనా ప్లాన్ గీసినవారు, సంతకం పెట్టినవారు ఆ ఇంటికి పోకూడదు. పాలిటెక్నిక్ సివిల్ పిల్లలను ఇద్దరిని వెంట పంపితే వాళ్లకూ చదువే.

ఆయన తీర్పు చెప్పనక్కర్లేదు. డబ్బు ఎవరివ్వాలో కూడా రాయనక్కర్లేదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఇది పాతదా కొత్తదా, కట్టుబడి లోపమా వాడకం వల్ల వచ్చిందా, బాగుచేయాలంటే ఏ పని చేయాలి, సుమారు ఎంతవుతుంది. ఒక పేజీ, తేదీ ఉన్న నాలుగు ఫొటోలు. నీలిమందు సీసా ఆయన సంచిలో ఉంటే చాలు, సగం తగువులు ఆ ఇంట్లోనే ఆగిపోతాయని నా నమ్మకం. ఆగనివి ఆ పేజీతో లోక్ అదాలత్‌కు వస్తాయి, అక్కడా తెగకపోతే వినియోగదారుల కమిషన్‌కు పోతాయి. లాయర్ గారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు చేతిలో ఉంటుంది.

ఇలా పంపే అధికారం మాకు ఏ చట్టంలో ఉందని కమిషనర్ గారు అడగొచ్చు. బలవంతం ఏమీ లేదు సార్, ఇష్టమైనవాళ్లే పిలుస్తారు. ఇంటి తలుపు తీసేది అందులో ఉండేవాళ్లే.

కమిషనర్ గారి చేతిలో ఇంకొక ఆయుధం ఉంది, దాన్ని ఈ పనికి వాడటం లేదు. అపార్టుమెంట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు కట్టుబడిలో పది శాతం మున్సిపాలిటీ పేర తనఖా పెట్టించుకుంటారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు విడిపిస్తారు. ఆ రోజు బిల్డర్ నుంచి ఒక కాగితం ఎక్కువ అడగండి. బాత్రూంల కింద పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో గీసిన బొమ్మ, ప్లంబింగ్ ఎవరు చేశారు, వాటర్‌ప్రూఫింగ్ ఏది వాడారు, ఎప్పుడు నీళ్లు నిలిపి పరీక్షించారు. దాని కాపీ ప్రతి ఫ్లాట్‌కు ఒకటి. మా బిల్డింగులో పైపులు ఎటు పోతున్నాయో తెలిసిన ఒక్కగానొక్క మనిషి ఆ ప్లంబర్. అతను గల్ఫ్ పోయాడట. 2020లో ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్ బీపాస్ వచ్చాక చిన్న ఇళ్లకు సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి దొరుకుతోంది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. మా నాన్న ఒక్క సంతకం కోసం ఎన్ని చెప్పులు అరగదీశారో నాకు గుర్తుంది. కానీ అనుమతి ఇచ్చేటప్పుడు ఎవరూ చూడక, కట్టేటప్పుడు ఎవరూ చూడక, కారేటప్పుడు కూడా ఎవరూ చూడకపోతే ఎట్లా?

బిల్డర్లకు పెద్దగా చెప్పేది లేదు, వాళ్లకు అన్నీ తెలుసు. ఒక్క క్యూరింగ్ గురించి మాత్రం అడుగుతాను. కాంక్రీటుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిపిన సిమెంటుకు పది రోజులు తడి ఆరకుండా ఉంచాలంటుంది. ఎండ మండే చోట ఇంకా ఎక్కువ, పది, పద్నాలుగు రోజులు. మే నెలలో నల్లగొండ ఎండ ఎట్లా ఉంటుందో తెలిసి కూడా, స్లాబు వేసిన మూడో రోజే రెండు గోనె సంచులు పరిచి వాచ్‌మన్‌కు పైపు అప్పజెప్పి పోతున్నారు. మా పక్క ప్లాటులో పోయిన ఎండాకాలం నా కళ్లతో చూశాను. ఆ ఫ్లాట్లు కొన్నవాళ్లు నాలుగేళ్ల తర్వాత వానను తిట్టుకుంటారు.

ఇక ఓనర్ల విషయం. ఇక్కడ నా సంగతి నేనే చెప్పుకోవాలి.

నకిరేకల్ ఇంట్లో మూడేళ్లు ఉన్న కుటుంబం పోయిన ఏడాది ఖాళీ చేసింది. వంటింటి సింకు పగిలి ఉంది. దర్వాజకు మేకులు కొట్టారు. హాల్లో ఒక గోడకు చెమ్మ. నేను 3,000 పట్టుకుని మిగతా అడ్వాన్స్ ఇచ్చాను. ఆ అబ్బాయి "మేడమ్, సింకు మేము వచ్చేనాటికే పగిలి ఉండె. మీకు చెప్పిన కూడా" అన్నాడు. నాకు గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. అతను ఫోన్లో ఫొటో కోసం చాలాసేపు వెతికాడు, దొరకలేదు. ఆటో వాడు హారన్ కొడుతున్నాడు. సరే మేడమ్ అని వెళ్లిపోయాడు. నేను తాళంచెవితో గోడ గీకలేదు గానీ రామగిరి ఓనర్ గారు నిలబడ్డ చోటే నిలబడ్డాను. తర్వాత మూడు వారాలకు పాత ఉత్తరాలు సర్దుతుంటే మా నాన్న డైరీ దొరికింది. అందులో ఆయన చేతి రాత: "సింకు మూల విరిగింది, మార్చాలి." ఆ అబ్బాయికి ఫోన్ చేసి 3,000 పంపించాను. డైరీ దొరక్కపోతే పంపేదాన్ని కాదు.

అందుకని కలెక్టర్ గారూ, మీసేవ కేంద్రాల్లో తెలుగులో ఒక పేజీ ఫారం దొరికేలా చేయండి. ఇల్లు అప్పగించే రోజు నింపి ఇద్దరూ సంతకం పెట్టేది. నల్లాలు, స్విచ్చులు, ఫ్యాన్లు, తలుపుల గొళ్లాలు, సింకు, కమోడ్, ఎక్కడెక్కడ చెమ్మ ఉంది, మీటరు రీడింగు ఎంత. వెనక వైపు ఏ రిపేరు ఎవరిదో అచ్చు వేస్తే ఇంకా మంచిది. కొత్తగా ఆలోచించే పని కూడా లేదు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఆ జాబితా తయారుగా ఉంది. గోడలకు సున్నాలు, తలుపులకు రంగు, పైపులు మార్చడం, వైరింగు ఓనర్ చూసుకోవాలి. నల్లా వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, మోరీ శుభ్రం, కిటికీ అద్దాలు, దోమల జాలీలు కిరాయిదారు చూసుకోవాలి. ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల కిరాయి మించకూడదని కూడా అందులోనే ఉంది. నమూనా కాబట్టి రాష్ట్రం సొంతంగా చట్టం చేసుకుంటేనే అమల్లోకి వస్తుంది. ఆ పని అసెంబ్లీది. కానీ ఇద్దరు మనుషులు ఇష్టపడి సంతకం పెట్టుకోవడానికి అసెంబ్లీ అక్కర్లేదు, ఫారం ఉంటే చాలు.

అది వచ్చేదాకా కిరాయికి దిగేవాళ్లు నా మాట విని, సామాను దించకముందే ఖాళీ ఇంటిని ఫోన్లో వీడియో తీయండి. నల్లాలు తిప్పుతూ, స్విచ్చులు వేస్తూ, బీరువా పెట్టబోయే గోడ దగ్గర కాసేపు ఆగి. ఆ రోజే ఓనర్‌కు వాట్సాప్‌లో పంపి "అన్నా, ఇవి ముందే ఉన్నవి" అని ఒక లైను రాయండి. చాలామంది ఓనర్లు ఏమీ అనుకోరు. అనుకునేవాళ్లయితే ఆ సంగతి దిగకముందే తెలియడం మంచిది. చెమ్మ వచ్చిందని కిరాయి మొత్తం ఆపేయకండి, తగువు అక్కడితో రిపేరు దాటి కిరాయి ఎగవేత అయిపోతుంది. రాసి అడగండి, టైమివ్వండి, బిల్లులు దాచండి.

ఈ ఏర్పాటును వచ్చే వానాకాలం లోపు రెండు వార్డుల్లో పెట్టి చూసినా చాలు. కాగితాలు రాయడానికి, ఫారం తయారుచేయడానికి, ఇంజనీర్ల ఇళ్లకు పోయి బతిమాలడానికి ఎండాకాలం సెలవుల్లో నేను వస్తాను.

మా వంటింటి స్లాబు బాగైంది గానీ మూలన రూపాయి బిళ్లంత నీలం మరక మిగిలిపోయింది. మావారు ప్రతి దసరాకూ సున్నం కొట్టిస్తానంటారు, నేనే వద్దంటున్నాను. మీరు పంపే మనిషి వచ్చినప్పుడు మొదట దాన్నే చూపిస్తాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్,
నల్లగొండ